ఏడు కిలోల సంచి, మూడు చోట్ల డబ్బు

(విదేశీ ప్రయాణానికి సామానూ డబ్బూ ఎలా సర్దుకోవాలో చెప్తూ మా కాలనీ గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినపడుతోందా అండీ? వినపడకపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి.

ముందు ఈ బల్ల మీదున్న సంచి చూడండి. ఈ బూడిదరంగు సంచి. మొన్న జనవరిలో మా వారూ నేనూ పన్నెండు రోజులు వియత్నాం తిరిగొచ్చాం కదా, ఇదే నా సామాను. నా సామానంతా ఇదే. మా వారిది ఇంకోటి ఉంది, అదీ ఇంతే. నిన్న రాత్రి కూర్చుని, అప్పుడెలా సర్దానో అలాగే మళ్ళీ సర్ది తెచ్చాను. కాసేపట్లో విప్పి ఒక్కొక్కటీ చూపిస్తాను.

నేను ముప్పై ఏళ్ళు బ్యాంకులో పనిచేశానని మీకు తెలుసు. మీలో సగం మంది పాసుపుస్తకాలు నా చేతుల మీదుగా వెళ్ళినవే. అయినా మూడేళ్ళ కిందట మేం మొదటిసారి సింగపూర్, మలేషియా ప్యాకేజీకి వెళ్ళినప్పుడు కౌలాలంపూర్‌లో ఏటీఎంలో కార్డు పెడితే డబ్బు రాలేదు. మళ్ళీ పెట్టాను, రాలేదు. మూడోసారి పెట్టాలంటే చేతులు వణికాయి, కార్డు బ్లాక్ అయిపోతుందేమోనని. చేతిలో ఉన్న డాలర్లు చూస్తే ఇంకా నాలుగు రోజులకి చాలవు. ఆ రాత్రి నిద్రపట్టలేదండీ. ఖాతాలో డబ్బుంది, చేతిలో కార్డుంది, పరాయి ఊళ్ళో మంచినీళ్ళ సీసా కొనడానికి కూడా ఆలోచించాల్సి వచ్చింది.

కారణం ఏమిటి? రిజర్వు బ్యాంకు 2020లో ఒక నిబంధన పెట్టింది. కొత్తగా ఇచ్చే కార్డులు మన దేశంలో మాత్రమే పనిచేస్తాయి. విదేశంలో పనిచెయ్యాలంటే ఖాతాదారే ఆ సౌకర్యం ఆన్ చేసుకోవాలి. మంచి నిబంధనే, మన డబ్బుకి రక్షణ కోసమే పెట్టారు. కానీ కార్డు ఇచ్చినప్పుడు ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. సరే, ఫోన్లో బ్యాంకు యాప్ తెరిచి ఆన్ చేద్దామంటే ఓటీపీ రావాలి. ఓటీపీ వచ్చేది మన ఇండియా నంబరుకి. ఆ సిమ్‌కి రోమింగ్ లేదు, పైగా అక్కడి సిమ్ వేసుకుని మన సిమ్ తీసి పర్సులో పెట్టుకున్నాను. అర్థమవుతోందా? ఒకదానికొకటి ముడి. బ్యాంకులో పనిచేసిన నాకే ఇలా అయితే, మామూలు వాళ్ళకి ఈ సంగతులు ఎవరు చెప్తారు అని చాలా బాధేసింది. ఈ రోజు మాట్లాడమనగానే ఒప్పుకున్నది అందుకే.

ఆ ప్రయాణంలోనే ఇంకోటి కూడా తెలిసొచ్చింది. మా ఇద్దరివీ రెండు పెద్ద పెట్టెలు, ఒక్కోటి పంతొమ్మిది కిలోలు. నేను తొమ్మిది చీరలు తీసుకెళ్ళాను, కట్టుకున్నవి నాలుగు. మిగతా ఐదూ మడత విప్పకుండానే తిరిగొచ్చాయి. మా వారి నడుం నొప్పి తగ్గడానికి మాత్రం రెండు వారాలు పట్టింది.

మనం సామాను వేరు, డబ్బు వేరు అనుకుంటాం. కాదండీ, రెండూ ఒకటే లెక్క. ఎలాగో చెప్తాను. తక్కువ ధర విమానాల్లో టికెట్టుతో పాటు 7 కిలోల చేతి సామానే ఇస్తారు. పెద్ద పెట్టె వేస్తే దానికి విడిగా డబ్బు కట్టాలి. అది ఒక్కసారితో పోదు, ఎక్కిన ప్రతి విమానానికీ కట్టాలి. వియత్నాం రాజధాని హనోయ్‌కి ఒకటి, ఆ దేశం మధ్యలో ఉన్న దనాంగ్ నుంచి ఒకటి, మళ్ళీ తిరుగు ప్రయాణం. తర్వాత, హనోయ్ పాతబస్తీలో ఇళ్ళు సన్నగా, పొడుగ్గా, నిచ్చెన నిలబెట్టినట్టు ఉంటాయి. చవకగా, శుభ్రంగా ఉండే చిన్న హోటళ్ళు ఆ ఇళ్ళలోనే ఉన్నాయి, చాలావాటికి లిఫ్టు ఉండదు. మాకు గది నాలుగో అంతస్తులో ఇచ్చారు. ఈ సంచి భుజానికి తగిలించుకుని ఎక్కేశాను, అరవై మూడేళ్ళ వయసులో. అదే పంతొమ్మిది కిలోల పెట్టె ఉంటే? లిఫ్టున్న ఖరీదైన హోటలు వెతుక్కోవాలి, పెద్ద టాక్సీ పిలవాలి. బరువు పెరిగినకొద్దీ రోజుకి ఇంత అని పర్సులోంచి పోతూనే ఉంటుంది. హనోయ్ నుంచి దనాంగ్‌కి రాత్రి రైల్లో వెళ్ళాం, సుమారు 790 కిలోమీటర్లు, పదహారు గంటలు. నాలుగు బెర్తుల గదిలో మాతో పాటు ఇద్దరు వేరే దేశం పిల్లలు. వాళ్ళ పెట్టెలు పట్టక కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు పాపం.

ఇప్పుడు డబ్బు సంగతి. ఇది కొంచెం నిదానంగా చెప్తాను, కావాలంటే రాసుకోండి.

వెళ్ళడానికి వారం ముందే కార్డులో విదేశీ వాడకం ఆన్ చేసుకోండి. దాంట్లోనే రోజుకి ఎంత వరకు తీయొచ్చో పరిమితి కూడా పెట్టుకోవచ్చు, అది తక్కువగా పెట్టుకోండి, కార్డు పోయినా నష్టం అంతవరకే ఉంటుంది. ఇండియా సిమ్‌ని ఫోన్లోంచి తియ్యకండి. రెండు సిమ్‌లు పట్టే ఫోనైతే పక్కదాంట్లో అక్కడి సిమ్ వేసుకోండి. మన సిమ్‌కి రోమింగ్ పెట్టించుకుని, డేటా మాత్రం ఆపేసి ఉంచండి. ఓటీపీ వస్తే చాలు. మెసేజ్ రావడానికి ఏమైనా తీసుకుంటారా అన్నది ముందే ఫోన్ కంపెనీని అడగండి.

కార్డు గీకితే ఎంత పోతుందో లెక్క చూడండి. మామూలు కార్డుల్లో చాలావాటికి విదేశీ మార్పిడి రుసుము మూడున్నర శాతం. దాని మీద 18 శాతం జీఎస్టీ. పదివేల రూపాయల వస్తువు కొంటే 350, దాని మీద జీఎస్టీ 63, మొత్తం 413 రూపాయలు ఊరికే పోతాయి. ఈ రుసుము లేని కార్డులు కూడా కొన్ని వచ్చాయి, మీ దగ్గర ఏది ఉందో కనుక్కోండి. ఏటీఎంలో తీస్తే ఇది కాక మన బ్యాంకు ఒక రుసుము, అక్కడి బ్యాంకు ఒక రుసుము. వియత్నాం ఏటీఎంలు చాలావరకు ఒకసారికి ఎక్కువ ఇవ్వవు, కాబట్టి కొంచెం కొంచెంగా తీసిన ప్రతిసారీ రుసుమే.

ఇంకో ముఖ్యమైన మాట. షాపులో కార్డు పెట్టగానే ఆ మిషన్ ఒక్కోసారి మర్యాదగా అడుగుతుంది, బిల్లు రూపాయల్లో వెయ్యమంటారా, ఇక్కడి డబ్బులో వెయ్యమంటారా అని. మనకేం అనిపిస్తుంది? రూపాయలైతే మనకి అర్థమవుతాయి, అదే నొక్కుదాం అనిపిస్తుంది. నొక్కకండి. రూపాయలు నొక్కితే రేటు వాళ్ళు వేసుకున్నది పడుతుంది, అది దాదాపు ఎప్పుడూ మనకి నష్టమే. ఏ దేశంలో ఉంటే ఆ దేశం డబ్బే నొక్కాలి. వియత్నాంలో అయితే డాంగు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకున్నా ఈ సాయంత్రం మీరు ఇంత దూరం వచ్చినందుకు నాకు సంతోషం.

విదేశీ డబ్బు ముందే నింపుకునే ప్రీపెయిడ్ కార్డు గురించి కూడా అడిగారు ఇందాక ఒకరు. అమెరికాకి డాలర్లు నింపుకుని వెళ్తే బాగానే ఉంటుంది. కానీ డాలర్లు నింపిన కార్డుని వియత్నాంలో వాడితే డాలరు మళ్ళీ డాంగుగా మారాలి, దానికి మళ్ళీ రుసుము ఉంటుంది. కార్డు అమ్మేవాళ్ళు ఆ మాట వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, మనమే అడగాలి.

అందుకని మేం నోట్లు తీసుకెళ్ళాం. ఇద్దరికీ కలిపి 600 డాలర్లు. గదులకీ, రైలుకీ, విమానాలకీ ఇంట్లో కూర్చునే కట్టేశాం కాబట్టి ఆ 600 తిండికీ తిరుగుడుకీ. మన నిబంధనల ప్రకారం ఒక మనిషి ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల వరకు నోట్లుగా తీసుకెళ్ళొచ్చు. లైసెన్సు ఉన్నచోటే కొనండి, పాస్‌పోర్టూ టికెట్టూ అడుగుతారు. 50 వేల రూపాయలు, ఆ పైన అయితే నగదు తీసుకోరు, బ్యాంకు ద్వారానే కట్టాలి. వంద డాలర్ల నోట్లు అడగండి, కొత్తవి అడగండి. మడత, చిరుగు, పెన్ను గీత ఉన్న నోటుని అక్కడ తీసుకోరు, తీసుకున్నా రేటు తగ్గిస్తారు. నేను నోట్లని ఒక పాత డైరీలో పేజీల మధ్య పెట్టుకుని వెళ్ళాను.

మన రూపాయలు కూడా మనిషికి 25 వేల వరకు దగ్గర ఉంచుకోవచ్చు. తిరిగొచ్చాక అర్ధరాత్రి విమానాశ్రయం నుంచి ఇంటికి రావాలి కదా, అందుకు రెండువేలు విడిగా పెట్టుకోండి.

మరి అక్కడ దిగాక? అప్పుడు రూపాయికి దాదాపు 300 డాంగులు. అంటే పదివేల రూపాయలు మారిస్తే 30 లక్షల డాంగులు చేతికొస్తాయి. టీ తాగితే 20 వేలు, భోజనం 60 వేలు. మొదటి రోజు గుండె దడదడలాడుతుంది, అంత అంకె వినగానే. వాళ్ళు వేల దగ్గర కామా బదులు చుక్క పెడతారు, 50.000 అని. మనం దాన్ని యాభై అనుకుంటాం. కొన్నిచోట్ల సున్నాలు రాయరు, 50 అని రాసి పక్కన కె అక్షరం పెడతారు. నేనొక చిన్న కిటుకు పెట్టుకున్నాను. మూడు సున్నాలు తీసెయ్యాలి, మిగిలినదాన్ని మూడుతో హెచ్చించాలి, ఇంకొంచెం కలపాలి. 50 వేల డాంగులు అంటే యాభై మూళ్ళు నూటయాభై, ఇంకొంచెం కలిపితే 167 రూపాయలు. లక్ష డాంగులు 333. ఒక చీటీ మీద రాసి ఫోను కవర్ వెనక పెట్టుకున్నాను.

నోట్లన్నిటి మీదా వాళ్ళ జాతి నాయకుడు హోచిమిన్ బొమ్మే ఉంటుంది, అన్నీ చూడ్డానికి ఒకేలా అనిపిస్తాయి. ముఖ్యంగా రెండు నోట్లు జాగ్రత్త, 20 వేలది, 5 లక్షలది. రెండూ నీలం రంగే. ఒకటి 67 రూపాయలు, ఒకటి 1,667 రూపాయలు. దనాంగ్ దగ్గర హోయాన్ అనే ఊళ్ళో సాయంత్రం దీపాలు వెలిగే వేళ, మా వారు ఒక ముసలావిడ దగ్గర డ్రాగన్ ఫ్రూట్ ముక్కలు కొని, చీకట్లో 20 వేలు అనుకుని 5 లక్షల నోటు ఇచ్చేశారు. మేం నాలుగడుగులు వేశామో లేదో ఆవిడ బుట్ట అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చింది. నోటు మా వారి చేతిలో పెట్టి, ఆ చేతిని రెండు చేతులతో మూసి, ఏదో చెప్పింది. భాష తెలీదు, కానీ జాగ్రత్త నాయనా అన్నట్టే ఉంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయండీ. ఆ రాత్రే గదికొచ్చి 5 లక్షల నోట్లన్నీ తీసి వేరే కవర్లో పెట్టాం. పగలు చేతిలో ఉంచుకునే పర్సులో ఆ నోటు ఉండకూడదు, అంతే.

డబ్బు ఒకేచోట పెట్టకండి. మా అమ్మమ్మ సంతకి వెళ్తే కొంత కొంగున ముడేసేది, కొంత రొంటిన దోపుకునేది, కొంత బియ్యం డబ్బాలో వదిలి వెళ్ళేది. మేం చేసిందీ అదే. ఆ రోజు ఖర్చుకి సరిపడా ఒక చిన్న పర్సులో, డాలర్లూ పాస్‌పోర్టూ డ్రెస్సు లోపల కట్టుకునే నడుం సంచిలో, ఒక కార్డూ వంద డాలర్లూ మా వారి సామాన్లో. కార్డులు రెండూ ఒకరి దగ్గరే ఉండకూడదు. హోచిమిన్ నగరంలో మోటారు సైకిళ్ళ మీద వచ్చి ఫోన్లూ సంచులూ లాక్కుపోతారని హోటల్లో మాకు ముందే చెప్పారు, రోడ్డు పక్కన నిలబడి ఫోను చూడొద్దని మరీ మరీ చెప్పారు. టాక్సీ కోసం ఫోన్లో గ్రాబ్ యాప్ పెట్టుకోండి, ఎంతో ముందే కనిపిస్తుంది, బేరం లేదు, టెన్షన్ లేదు.

రోజుకి ఇద్దరికీ కలిపి 8 లక్షల డాంగులు, అంటే 2,700 రూపాయల లోపు. పొద్దున్నే లెక్కపెట్టి పర్సులో పెట్టుకోవడం, రాత్రి మిగిలింది మర్నాటికి కలుపుకోవడం. పన్నెండు రోజులకీ ఆ 600 డాలర్లూ పూర్తిగా ఖర్చవలేదు, మిగిలినవి వెనక్కి తెచ్చాం. అలా మిగిలితే కంగారుపడి ఆఖరి రోజు విమానాశ్రయంలో బొమ్మలు కొనక్కర్లేదు. 2,000 డాలర్ల వరకు నోట్లు మన దగ్గరే ఉంచుకోవచ్చు, వచ్చే ప్రయాణానికి పనికొస్తాయి. అంతకు మించితే 180 రోజుల్లోగా తిరిగి ఇచ్చెయ్యాలి. డాంగులు మాత్రం అక్కడే ఖర్చు పెట్టెయ్యండి, ఇక్కడ మార్చుకోవడం కష్టం. అందుకే డాలర్లు ఒక్కసారే అన్నీ మార్చకుండా 100, 200 చొప్పున మార్చుకున్నాం, అదీ బ్యాంకుల్లోనే.

వీసా గురించి ఒక్క మాట. వియత్నాం ఈ-వీసా ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, వాళ్ళ ప్రభుత్వ సైటులో. చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ప్రైవేటు సైట్లు చాలా ఉన్నాయి, రెట్టింపు తీసుకుంటాయి. తొందరపడి మొదట కనిపించింది నొక్కకండి.

ఇక సంచి. విప్పుతున్నాను, ముందున్నవాళ్ళు కొంచెం పక్కకి జరిగితే వెనకవాళ్ళకి కనిపిస్తుంది.

ఖాళీ సంచి 900 గ్రాములు. ఇది ముఖ్యం. చక్రాల పెట్టె అయితే ఖాళీదే రెండున్నర, మూడు కిలోలు ఉంటుంది. 7 కిలోల్లో మూడు కిలోలు పెట్టెకే పోతే ఇంకేం పెట్టుకుంటాం? మూడు పంజాబీ డ్రెస్సులు, ఒంటి మీద ఒకటి. అన్నిటి కిందకీ సరిపోయేలా ప్యాంట్లు ఒకటే రంగు. ఒక్క చీర, పల్చటిది. ఎందుకు తీసుకెళ్ళానంటే, హోయాన్ దగ్గర మీసన్ అని, ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన చామ్ రాజులు కట్టిన శివాలయాలు ఉన్నాయి. శిథిలాలే, కానీ లింగాలు ఉన్నాయి, పానవట్టాలు ఉన్నాయి. అక్కడికి చీరతో వెళ్ళాలనిపించింది. అంత దూరంలో, అడవి మధ్య, శివుణ్ణి చూస్తే... అది వేరే రోజు చెప్తాను.

జనవరిలో హనోయ్ చల్లగా ఉంటుంది, హోచిమిన్ నగరం వేడిగా ఉంటుంది. ఒకే దేశం, రెండు వాతావరణాలు. లావు స్వెట్టర్ తీసుకెళ్తే సగం రోజులు మోత. పల్చటివి రెండు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే అంతే వెచ్చగా ఉంటుంది. బరువైన జాకెట్, బూట్లు విమానం ఎక్కేటప్పుడు ఒంటి మీదే ఉండాలి.

ఈ తువ్వాలు చూడండి, మన సన్న నేత తువ్వాలు, 150 గ్రాములు. టర్కీ తువ్వాలు అరకిలో. ఇది బట్టలు ఆరడానికి కూడా పనికొస్తుంది. రాత్రి ఉతికిన బట్టని దీంట్లో పెట్టి చుట్టచుట్టి గట్టిగా పిండితే నీరంతా ఇది లాగేస్తుంది, పొద్దుటికి ఆరిపోతుంది. జీన్సు మాత్రం ఆరదు, ఆ ఊరి తేమకి రెండు రోజులైనా ఆరదు. వియత్నాంలో వీధివీధికీ కిలో లెక్కన బట్టలు ఉతికి ఇస్తారు. మేం కిలోకి 40 వేల డాంగులు ఇచ్చాం, అంటే 133 రూపాయలు. ఐదు రోజుల బట్టలు రెండు కిలోలు కూడా లేవు. పన్నెండు రోజులకి పన్నెండు జతలు ఎందుకు చెప్పండి?

మందులు ఎప్పుడూ చేతి సంచిలోనే, షీట్లతో సహా, డాక్టరు చీటీతో సహా, వెళ్ళే రోజులకంటే ఐదు రోజులు ఎక్కువకి. పవర్ బ్యాంకు కూడా చేతి సామాన్లోనే ఉండాలి, కింద వేసే పెట్టెలో పెట్టకూడదు, అది నిబంధన. వియత్నాంలో మన రెండు పిన్నుల చార్జర్లు నేరుగా పట్టాయి. సింగపూర్, మలేషియాలో పట్టవు, అక్కడ మూడు చదునైన పిన్నులు.

నూనె, షాంపూ, పేస్టు, ఏ సీసా అయినా 100 మిల్లీలీటర్లు దాటకూడదు, అన్నీ కలిపి లీటరు పట్టే పారదర్శకమైన కవర్లో. ఆవకాయ కూడా ఆ లెక్కలోకే వస్తుంది! అది ద్రవం కాదని వాదించినా ఆపేస్తారు. కారం పొడి కూడా చేతి సామాన్లో వద్దంటారు. నేను చేగోడీలూ, వేయించిన అటుకులూ తీసుకెళ్ళాను, అరకిలో. మేం శాకాహారులం, తిండికి ఎలా అన్న భయమే సగం బరువు మోయిస్తుంది మనచేత. వియత్నాంలో శాకాహారాన్ని చాయ్ అంటారు, మన టీని పలికినట్టే దాదాపు. ఆ బోర్డున్న హోటలుకి వెళ్తే చాలు. వాళ్ళలో బౌద్ధులు చాలామంది చాంద్రమాసం మొదటి రోజూ, పౌర్ణమి నాడూ శాకాహారమే తింటారు. మామూలు హోటల్లో అయితే చేపల రసం చాలావాటిలో పోస్తారు, అడిగి తినండి.

అన్నీ కలిపి ఆరున్నర కిలోలు.

ప్రశ్నలు

వదినగారు బంగారం సంగతి అడుగుతున్నారు. నేను సూత్రాలు పసుపుతాడుకి ఎక్కించుకుని వెళ్ళాను వదినగారూ, చెవులకి చిన్న దుద్దులు. ఎక్కువ బంగారం తప్పదనుకుంటే, వెళ్ళేటప్పుడే ఇక్కడి కస్టమ్స్ దగ్గర చూపించి ధ్రువపత్రం తీసుకోండి, తిరిగొచ్చేటప్పుడు ఇది అక్కడ కొన్నారా అన్న ప్రశ్న రాకుండా.

మాస్టారు అడుగుతున్నారు, అమెరికాలో అబ్బాయి దగ్గరికి వెళ్తే కూడా ఇంతేనా అని. అది వేరండీ. ఆరు నెలలు ఉండడానికి వెళ్తాం, చాలా టికెట్లకి 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తారు, పిల్లలకోసం అమ్మ చేసిన పొడులు, పచ్చళ్ళు తీసుకెళ్ళకుండా ఎవరుంటారు? ఆ బరువుని నేను కాదనను. తినేవి ఏమున్నా అక్కడి కస్టమ్స్ వాళ్ళకి దాచకుండా చెప్పండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను మాస్టారూ, ఆరోగ్య బీమా లేకుండా మాత్రం వెళ్ళకండి. అక్కడ ఒక్కరోజు ఆసుపత్రి ఖర్చు మన ఏళ్ళ పింఛనుని మింగేస్తుంది. మీ బీపీ, షుగరు ముందే రాసి బీమా తీసుకోండి, దాచి తీసుకుంటే అవసరానికి పనికిరాదు.

యూపీఐ పనిచేస్తుందా అని ఎవరో అడిగారు. సింగపూర్, దుబాయ్, నేపాల్, భూటాన్, శ్రీలంక, మారిషస్, ఇలా కొన్నిచోట్ల కొన్ని షాపుల్లో పనిచేస్తుంది. వియత్నాంలో నేను దాన్ని నమ్ముకోలేదు. ఎక్కడికెళ్ళినా అది ఉంటే మంచిదే అనుకోండి, అదే ఉంది కదా అని మాత్రం బయల్దేరకండి.

టైమైపోయిందంటున్నారు. సంచి మళ్ళీ సర్దేసి ఇక్కడే ఉంచుతాను, పక్కన వేలాడదీసే తూకం కూడా ఉంది. ఒక్కొక్కరూ వచ్చి భుజానికి తగిలించుకుని, ఆ గుమ్మం దాకా నడిచి చూడండి.